వైపర్ తిరగట్లేదా? మోటార్ కొనేముందు ఇవి చూడండి

వైపర్లు కదలకపోతే మోటార్ పోయిందని వెంటనే కొత్తది కొనేయకండి, ముందు స్విచ్ వేసి చెవిపెట్టి వినండి. మోటార్ చప్పుడు వస్తూ బ్లేడ్లు కదలట్లేదంటే అది కరెంటు సమస్యే కాదు, ఆర్మ్ నట్టు (బ్లేడు ఉండే కడ్డీని బిగించేది) వదులైందో, లింకేజీ (మోటార్‌ని ఆ కడ్డీలకు కలిపేది) ఊడిందో అయ్యుంటుంది.

చప్పుడే లేదా, ఫ్యూజు చూడండి. పోయుంటే అదే ఆంపియర్లది వేయండి, అదీ కాలిపోతే ఎక్కడో వైరు షార్ట్ అవుతోంది లేదా మోటార్ బిగుసుకుపోయింది, అంతేగానీ పెద్ద ఫ్యూజు వేసి నెట్టుకురావద్దు, వైరింగే తగలబడుతుంది.

ఫ్యూజు బాగుంటే ఇగ్నిషన్, వైపర్ స్విచ్ ఆన్‌లో ఉంచి మోటార్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి (లింకేజీలో వేళ్లు పెట్టకండి, ఉన్నట్టుండి కదులుతుంది). 12 వోల్టులు రావట్లేదంటే రిలే (స్విచ్ వేయగానే మోటార్‌కి కరెంటు వదిలే చిన్న పెట్టె), స్విచ్, వైర్లలో లోపం వెతకాలి. వస్తున్నా తిరగకపోతే ఎర్త్ (కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కి వెళ్లే దారి) చూడండి, చాలామంది వదిలేసేది ఇదే. బ్యాటరీ నెగటివ్ నుంచి మోటార్ ఎర్త్‌కి విడిగా ఒక వైరు కలపండి. తిరిగిందా, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టును గీకి బిగిస్తే చాలు, పైసా ఖర్చు లేదు. అప్పుడూ తిరగకపోతేనే మోటార్‌ని అనుమానించండి.

స్విచ్ ఆపగానే వైపర్లు అద్దం మధ్యలోనే ఆగిపోతుంటే మాత్రం ఎక్కువసార్లు మోటార్‌లోని పార్క్ స్విచ్‌దే (వైపర్లను వాటి చోటికి చేర్చి ఆపేది) తప్పు.