స్విఫ్ట్ దిగి సివిక్ ఎక్కేముందు: పాత జపాన్ పర్ఫార్మెన్స్ కారులో సమస్య, కారణం, పరిష్కారం

కొన్నేళ్లపాటు 1.2 లీటర్ల చిన్న కారు నడిపి, 163వ నంబరు జాతీయ రహదారి మీద లారీని దాటడానికి రెండు గేర్లు తగ్గించి కూడా పికప్ కోసం ఎదురుచూసి విసిగిన హనుమకొండ, కాజీపేట కుర్రాళ్ల చూపు చివరికి పాత జపాన్ కార్ల మీద పడుతుంది. స్కైలైన్, సుప్రా వంటివి ముందే మరచిపోవడం మంచిది. వాడిన కారును విదేశం నుంచి తెచ్చుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, పైగా కస్టమ్స్ సుంకం కారు ధరనే మించిపోతుంది. మన సంతలో నిజంగా దొరికేవి కొన్నే. 2000లో వచ్చిన 106 హార్స్ పవర్ హోండా సిటీ 1.5 వీటెక్ (ఇంజన్ తిరుగుడును బట్టి వాల్వుల కదలికను మార్చే హోండా పద్ధతి), 2006 నుంచి 2013 వరకు అమ్మిన 132 పీఎస్ (హార్స్ పవర్‌కు దాదాపు సమానమైన కొలత) హోండా సివిక్ 1.8, 2006లో వచ్చిన మిత్సుబిషి సెడియా 2.0, 2008 తర్వాతి 118 పీఎస్ సిటీ ఐ-వీటెక్, 2017లో వచ్చిన 102 పీఎస్ టర్బో బలేనో ఆర్ఎస్.

నన్ను అడిగితే మొదటి ఓటు సివిక్‌కు, ఖర్చు తక్కువ కావాలనుకునేవారికి ఐ-వీటెక్ సిటీకి వేస్తాను. సెడియా మలుపుల్లో మనసు దోచుకునే బండే కానీ, సామాను కోసం హైదరాబాద్ చుట్టూ తిరిగే ఓపిక ఉన్నవారే దాని జోలికి వెళ్లాలి. ఏ కారైనా, ఎంత పవర్ ఉందనేది రెండో ప్రశ్న. కనిపించిన లక్షణానికి కారణం తేలిందా, దాన్ని సరిచేసే ఖర్చును ధరలో తగ్గించుకోగలిగామా అన్నదే మొదటి ప్రశ్న.

బండి చూడబోయేసరికి ఇంజన్ అప్పటికే వేడిగా ఉంది

ఉదయం ఎనిమిదింటికి వస్తామని చెప్పి ఏడున్నరకే వెళ్లి, బోనెట్ మీద అరచేయి పెట్టి చూడండి. ఒకసారి నక్కలగుట్టలో ఒక సివిక్ దగ్గర నేను అలాగే చేస్తే రేకు గోరువెచ్చగా తగిలింది. "ఇప్పుడే కడిగి తెచ్చినం అన్నా" అన్నాడు అమ్మే మనిషి, కానీ టైర్ల చుట్టూ నేల పొడిగానే ఉంది. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్ మొదటి సెల్ఫ్‌కు చేసే శబ్దం, వదిలే పొగ కొనేవాడి కంట పడకుండా చూడడానికే ముందుగా వేడి చేసి పెడతారు.

దీనికి బేరం అవసరం లేదు, మరో రోజు తెల్లవారుజామున వస్తానని చెప్పి వచ్చేయడమే. ఒప్పుకోకపోతే ఆ బండి మీది కాదు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు ఒక్క గుప్పెడు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయని అర్థం, ఆ పని భరించదగినదే. యాక్సిలరేటర్ నొక్కినంతసేపూ నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయి, అంటే ఇంజన్ విప్పాల్సిందే. చలికాలపు ఉదయం కాసేపు తెల్లటి ఆవిరి రావడం సహజం. వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ ఆగకుండా, కొద్దిగా తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ సిలిండర్‌లోకి పోతున్నట్టు.

సివిక్ ఇంజన్‌కు వాల్వ్ గ్యాప్‌ను తమంతట తామే సర్దుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు లేవు, వాల్వ్ గ్యాప్ చేత్తోనే సెట్ చేయాలి. టిక్ టిక్‌మని సన్నటి శబ్దం వస్తే ట్యాపెట్ సెట్టింగ్ చేయిస్తే సరిపోతుంది. అసలు శబ్దమే లేని ఇంజన్‌ను చూసి మురిసిపోవద్దు, ముఖ్యంగా అది ఎప్పుడైనా గ్యాస్ కిట్‌తో నడిచి ఉంటే. గ్యాస్ మీద నడిచిన ఇంజన్‌లో వాల్వులు సీటులోకి దిగి గ్యాప్ మూసుకుపోతుంది, శబ్దం తగ్గుతుంది, కొన్నాళ్లకు వాల్వ్ కాలుతుంది. డిక్కీ అడుగున సిలిండర్ బిగించిన బోల్టు రంధ్రాలు, ఆర్సీలో ఇంధనం గడి చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

టెంపరేచర్ ముల్లు పైకి పాకుతోంది

మే నెలలో 44 డిగ్రీలు దాటే మన ఎండకు నిలబడని కూలింగ్ వ్యవస్థ ఉన్న కారు, పవర్ ఎంత ఉన్నా మనకు పనికిరాదు. అందుకే కారును సాయంత్రం చల్లబడ్డాక కాకుండా, మధ్యాహ్నం రెండు గంటలకు ఏసీ ఆన్ చేసి నడిపి చూడాలి.

ముల్లు ఎప్పుడు పైకి వెళుతుందనే దాన్ని బట్టే కారణం తేలుతుంది. హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెరిగి, కదలగానే దిగితే తప్పు ఫ్యాన్‌ది. ఫ్యాన్ మోటారు, రిలే, స్విచ్ ఈ మూడింట్లో ఒకటి పోయి ఉంటుంది, లేదా రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సర్ దుమ్ముతో పూడుకుపోయి ఉంటుంది. ఇది చవకైన పని. అలా కాకుండా ఊళ్లో బాగానే ఉండి, మడికొండ దాటి వంద వేగంలో పది నిమిషాలు పోయాక పెరుగుతుంటే రేడియేటర్ లోపల తుప్పు, సున్నం పేరుకున్నాయని లేదా కూలెంట్‌కు దారి తెరిచే థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోవడం లేదని అనుమానించాలి. కూలెంట్‌కు బదులు ఏళ్లతరబడి బోరు నీళ్లు పోసిన బళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూస్తే, హోండా బళ్లకు కంపెనీ పోసే నీలం కూలెంట్ ఉందో, ఇటుకరంగు నీళ్లు ఉన్నాయో కనబడుతుంది. ఇటుకరంగు కనబడితే రేడియేటర్, హోస్‌పైపులు, థర్మోస్టాట్ మూడింటి ఖర్చునూ ధరలోంచి తీసేయండి.

ముల్లు కదలకుండానే కూలెంట్ మాత్రం నెలనెలా తగ్గుతుండడం మూడో రకం. ఎక్కడా చుక్క కారకపోయినా ఇలా జరిగితే మొదట హెడ్ గాస్కెట్‌ను (సిలిండర్ హెడ్‌కూ ఇంజన్ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) అనుమానిస్తాం, కానీ సివిక్‌లో ఇంకొకటి కూడా చూడాలి. ఇదే 1.8 ఇంజన్ ఉన్న 2006-2008 సివిక్‌లలో బ్లాక్‌కే పగులు వచ్చి కూలెంట్ కారడంతో, అమెరికాలో హోండా ఆ బ్లాకులకు వారంటీని పదేళ్లకు పొడిగించింది. కాబట్టి మన దగ్గర ఆ తొలి ఏళ్ల బండి చూసేటప్పుడు లిఫ్ట్ మీద ఎక్కించి, టార్చిలైటుతో బ్లాక్ పక్కల ఎండిన కూలెంట్ మరకలు ఉన్నాయేమో వెతకాలి. మరక కనబడితే మందు పూసి ఆపామనే మాట వినకండి, వేరే బండి చూసుకోండి.

వీటెక్ "కొట్టడం" లేదు

సివిక్ 1.8 కొన్న తర్వాత ఎక్కువమంది చేసే ఫిర్యాదు ఇదే, నిజానికి ఇందులో లోపమేమీ లేదు. పాత సిటీ వీటెక్‌లో ఇంజన్ తిరుగుడు పెరిగాక రెండో క్యామ్ (వాల్వులను తెరిచే ఉబ్బు) అందుకుని, శబ్దం మారి, బండి ఒక్క కుదుపుతో ముందుకు దూకుతుంది. సివిక్‌లోని ఐ-వీటెక్ అందుకు దాదాపు తిరగబడ్డ పద్ధతి. తక్కువ భారంతో నింపాదిగా పోయేటప్పుడు పెట్రోల్ మిగల్చడానికే అది ఇన్‌టేక్ వాల్వును ఆలస్యంగా మూస్తుంది. ఆ కుదుపు కోసమే కొంటున్నవారు సివిక్ కొనకూడదు. పాత సిటీలో మాత్రం కుదుపు లేకపోతే ముందు ఆయిల్ లెవెల్, తర్వాత వీటెక్ సోలినాయిడ్ (ఆయిల్ దారిని తెరిచే విద్యుత్ వాల్వు) వెనుక ఉండే చిన్న జల్లెడ చూడాలి. మురికి ఆయిల్‌తో అది పూడుకుపోతుంది.

వేడి మీద ఆపిన పాత సిటీ మళ్లీ స్టార్ట్ కాదు

ఎండలో పావుగంట ఆపితే సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజన్ అందుకోదు. ఓ గంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. తొంభైల నాటి హోండాల్లో చాలావాటికి ఉన్న జబ్బు ఇది. ఇంధన పంపుకు కరెంటు ఇచ్చే మెయిన్ రిలేలో సోల్డర్ అతుకులు పగిలి, వేడికి విడిపోతాయి. తాళం తిప్పినప్పుడు పంపు రెండు సెకన్లు మోగకపోతే మొదట అదే రోగమని అనుమానించవచ్చు. రిలే విప్పి అతుకులు తిరిగి కరిగిస్తే చాలు, టీవీలు బాగుచేసే మనిషి కూడా ఈ పని చేసేస్తాడు.

ఆ సిటీకి, సెడియాకు టైమింగ్ బెల్ట్ (ఇంజన్‌లో క్యామ్‌ను తిప్పే బెల్ట్) ఉంటుంది. ఎప్పుడు మార్చారో బిల్లు చూపలేకపోతే మార్చలేదనే లెక్కగట్టండి.  

బలేనో ఆర్ఎస్‌లో బ్రేక్ పెడల్ గట్టిగా ఉంది

దీన్ని బ్రేక్ ప్యాడ్ల మీదకు నెట్టేయకండి. ఈ కారులో బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ పంపులో లోపం ఉండవచ్చంటూ 2023 ఏప్రిల్‌లో మారుతి 7,213 బలేనో ఆర్ఎస్ కార్లను వెనక్కి పిలిచింది. అవి 2016 అక్టోబర్ నుంచి 2019 నవంబర్ మధ్య తయారైనవి. చాసిస్ నంబరుతో కంపెనీ షోరూంలో అడిగితే ఆ పని జరిగిందో లేదో చెబుతారు. పాత హోండాల్లో లోపం వల్ల వెనక్కి పిలిచిన తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల సంగతీ ఇంతే. అది ఉచితంగా మార్చే భాగమే అయినా, పేలినప్పుడు లోహపు ముక్కలు ఎగజిమ్మగల ఇన్‌ఫ్లేటర్‌తో (ఎయిర్‌బ్యాగును ఉబ్బించే భాగం) ఇంటికి బండి తీసుకెళ్లడం నాకు మనస్కరించదు.

కొత్త సీటు కవర్లు, గుబాళించే సెంటు, అడుగున తడి వాసన

2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగింది. ఆ నీళ్లలో నిలిచిన బళ్లు ఎక్కడికీ పోలేదు, కడుక్కుని మళ్లీ సంతకు వచ్చాయి. మా బావమరిది కోసం చూసిన ఒక సిటీలో సీటును పూర్తిగా ముందుకు జరిపి పట్టాలు తడిమితే, బోల్టు తల చుట్టూ ఎండి బిగుసుకున్న ఒండ్రు నా గోటికి తగిలింది. సీట్‌బెల్టును చివరిదాకా లాగితే కింది జానెడు మేర మట్టి గీత స్పష్టంగా ఉంది.

ఇలాంటి బండికి పరిష్కారం లేదు. వైరింగ్ జాయింట్లలో మొదలైన పచ్చటి తుప్పు ఆరు నెలలకో ఏడాదికో ఒక్కో సెన్సర్‌ను తినుకుంటూ పోతుంది. ఎంత తగ్గించినా తీసుకోకండి.

స్కానర్ పెడితే ఒక్క తప్పూ కనబడలేదు

అది శుభవార్త కావచ్చు, పొద్దున్నే ఎవరో కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చెరిపేసి ఉండవచ్చు కూడా. స్కానర్‌లోని రెడీనెస్ పేజీ చూడమని మెకానిక్‌ను అడగండి. సగం పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే ఈమధ్యే చెరిపారని లేదా బ్యాటరీ తీశారని తెలుస్తుంది. రెండు రోజులు నడిపాక మళ్లీ చూడాలి. మీటరు 60 వేలు చూపిస్తూ, పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే, నమ్మవలసింది పెడల్‌ను.

మోగే సైలెన్సర్, నేలకు తగిలే స్ప్రింగులు

పెద్ద శబ్దం చేసే సైలెన్సర్, కోసి తగ్గించిన స్ప్రింగులు పవర్‌కు గుర్తులు కావు, యజమాని వయసుకు గుర్తులు. సివిక్ మామూలుగానే మన స్పీడ్ బ్రేకర్లకు అడుగు తాకించుకునే బండి, కిందకు దింపితే ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దెబ్బ తినడం ఖాయం. ఎగుడుదిగుడులో ముందు నుంచి టకటకలాడితే మొదట లింక్ రాడ్లు, తర్వాత లోయర్ ఆర్మ్ బుష్‌లు, చివరగా షాకబ్జర్లు చూడాలి. మెకానిక్ నేరుగా షాకబ్జర్లు మార్చమంటే ఆ వరుస అడగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. మార్చిన ఇంజన్ ఉంటే ఆర్సీలోని ఇంజన్ నంబరు సరిపోలదు, ఫిట్‌నెస్ సమయంలో ఆ చిక్కు కొన్నవాడి మెడకే చుట్టుకుంటుంది.

ఢిల్లీ నంబరు బండి సగం ధరకే వస్తోంది

ఢిల్లీ ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ కార్లపై వచ్చిన ఆంక్షల వల్లే అక్కడి సివిక్‌లు చవక, అందులో మోసం ఉండాలనేమీ లేదు. కానీ ఆ ధరకు ఇక్కడి లైఫ్ ట్యాక్స్, 15 ఏళ్లు నిండిన బండికి ఫిట్‌నెస్‌తో అయిదేళ్లకోసారి చేయించాల్సిన రిజిస్ట్రేషన్ రెన్యువల్ కలిపితే, ఏపీ 36 నంబరుతో మన ఊళ్లోనే ఉన్న బండి కంటే ఎక్కువ కావచ్చు. ఆ రాష్ట్ర ఆర్టీవో ఇచ్చే ఎన్ఓసీ అంటే ఫారం 28. దానితోపాటు అమ్మకందారు సంతకాలున్న యాజమాన్య బదిలీ ఫారాలు 29, 30, లోన్ ఉండి తీరిపోతే బ్యాంకు ముద్ర వేసిన ఫారం 35 చేతికి రావాలి. ఎన్ఓసీ మీది చాసిస్ నంబరును బండి మీద కొట్టిన నంబరుతో అక్షరం అక్షరం పోల్చుకున్న తర్వాతే చివరి వాయిదా డబ్బు ఇవ్వండి.