ఆపరేషన్ తర్వాత టానింగ్ బెడ్ ఎక్కే ముందు

అమెరికాలో కొన్ని జిమ్‌లు మెంబర్‌షిప్‌తో పాటే టానింగ్ బెడ్ (అతినీలలోహిత కిరణాలతో ఒంటి రంగును ముదురు చేసే దీపాల పడక) కూడా ఇస్తాయి. ఊరికే వస్తోంది కదా అని కుట్లు విప్పగానే అందులో పడుకోకండి. ముందు ఇవి చూసుకోండి.

• గాయం పూర్తిగా మానిందా? పక్కు ఊడకపోయినా, రసి కారుతున్నా వద్దు. చెమట ఒకటి, పదిమంది పడుకున్న బెడ్ ఇంకొకటి. ఇన్ఫెక్షన్‌కు ఆ రెండూ చాలు.

• మచ్చ ఇంకా ఎర్రగా ఉందా? అసలు చిక్కు ఇక్కడే. కొత్త చర్మానికి అతినీలలోహిత కిరణాలు తగిలితే మచ్చ నల్లబడుతుంది. మన చామనఛాయ ఒంటికి ఈ బెడద మరీ ఎక్కువ, ఆ నలుపు నెలల తరబడి వదలదు. మచ్చ కుదుటపడటానికి ఏడాది దాకా పట్టవచ్చు. పలచటి గుడ్డ కప్పినా కిరణాలు దూరతాయి.

• కోత చుట్టూ మొద్దుబారిందా? కాలుతున్నా తెలియదు.

• మందుల చీటీలో డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఉంటే ఈ కిరణాలకు చర్మం ఇట్టే కమిలిపోతుంది. సర్జన్‌ను అడగండి.

• విటమిన్ డి కోసమైతే డాక్టర్ రాసిచ్చే మాత్ర చాలు.

• స్ప్రే టాన్‌లో (ఒంటి మీద రంగు చల్లించుకోవడంలో) కిరణాలుండవు. అయినా పచ్చి గాయం మీద వద్దు.

గాయం మానాక కూడా నేనైతే వెళ్లను: ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2009లోనే ఈ బెడ్లను పొగాకు ఉన్న క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.