మిల్ రోడ్ వీధుల్లో కాపురం: కేంబ్రిడ్జ్‌కు కొత్తగా వచ్చే తెలుగువారికి కొన్ని సూచనలు

కట్టమంచి రామలింగారెడ్డి గారు చదువుకున్న సెయింట్ జాన్స్ కళాశాల ఉన్న ఊరిగా కేంబ్రిడ్జ్ మనకు ఎప్పటినుంచో తెలుసు. నేడు ఇక్కడికి వచ్చే తెలుగువారిలో చాలామంది అడెన్‌బ్రూక్స్ ఆసుపత్రిలోనో, దాన్ని ఆనుకుని ఉన్న బయోమెడికల్ క్యాంపస్‌లోనో, సాఫ్ట్‌వేర్ సంస్థల్లోనో ఉద్యోగానికి వచ్చి, రైల్వే స్టేషన్‌కు దగ్గరలో ఉన్న మిల్ రోడ్ చుట్టుపక్కల ఇల్లు వెతుక్కుంటారు. 1845లో ఈ ఊరికి రైలు వచ్చింది. ఆ తరువాతి దశాబ్దాల్లో రైల్వే కార్మికులు, చిన్న ఉద్యోగులు ఉండడానికి ఈ వీధులు వెలిశాయి. రైలు వంతెనకు ఊరివైపు ఉన్నది పీటర్స్‌ఫీల్డ్, అవతల ఉన్నది రోమ్‌సీ. గ్విడిర్ స్ట్రీట్‌లోనైనా, సెడ్జ్‌విక్ స్ట్రీట్‌లోనైనా ఇళ్లు గోడకు గోడ ఆనుకుని వరుసగా ఉంటాయి. చాలా ఇళ్లకు వాకిలి అంటూ ఉండదు, తలుపు తీస్తే కాలిబాటే.

ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు స్నానాల గది ఎక్కడుందో ముందు చూడండి. ఈ ఇళ్లు కట్టిన కాలంలో వాటికి స్నానాల గదులు లేవు. గ్విడిర్ స్ట్రీట్‌లోని పాత సామూహిక స్నానశాల భవనం అందుకు సాక్ష్యంగా ఇప్పటికీ నిలిచి ఉంది. తరువాతి కాలంలో వంటింటి వెనుక గది పొడిగించి స్నానాల గది చేర్చినవారు చాలామంది. కాబట్టి పడకగది మేడ మీద, స్నానాల గది కింద, మధ్యలో నిటారుగా ఉండే ఇరుకు మెట్లు ఉండే అవకాశం ఎక్కువ. పసిపిల్లలున్నవారు, మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులను పిలిపించుకోదలచినవారు ఈ విషయాన్ని అద్దె కంటే ముందు ఆలోచించుకోవాలి.

డబ్బు విషయంలో చట్టం అద్దెదారుకు అండగా ఉంది. ఏడాది అద్దె 50 వేల పౌండ్ల లోపు ఉంటే అడ్వాన్సుగా ఐదు వారాల అద్దెకు మించి తీసుకోకూడదు. ఆ సొమ్మును 30 రోజుల్లోగా ప్రభుత్వ ఆమోదం పొందిన పథకంలో జమచేసి ఆ వివరాలు మీకు ఇవ్వాలి. ఒకే కుటుంబానికి చెందని ముగ్గురు కలిసి ఒకే వంటిల్లు వాడుకుంటే చట్టం దృష్టిలో అది ఉమ్మడి నివాసం. ఐదుగురైతే యజమానికి లైసెన్సు తప్పనిసరి. అద్దె పంచుకోవడానికి ఒప్పందంలో పేరు లేనివారిని చేర్చుకునే అలవాటు మన విద్యార్థుల్లో ఉంది. దయచేసి ఆ పని చేయకండి, అది అందరి నివాసానికీ ముప్పు తెస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది చెమ్మ మీద. ఈ పాత ఇళ్ల బయటి గోడలు చాలావరకు మధ్యలో ఖాళీ వదలకుండా కట్టిన ఇటుక గోడలు కాబట్టి చలికాలంలో అవి లోపలివైపు కూడా చల్లబడతాయి. మన వంటలో ఆవిరి ఎక్కువ: అన్నం ఉడుకుతుంది, పప్పు కుక్కర్ కూత వేస్తుంది, సాంబారు మరుగుతుంది. దానికి తోడు బట్టలు బయట ఆరవు గనుక గదిలోనే ఆరేస్తాం. ఆ తేమంతా చల్లని గోడను తాకి నీరవుతుంది, కొద్ది వారాల్లో బీరువా వెనుక నల్లని బూజు కనిపిస్తుంది. పిల్లల్లో ఉబ్బసానికి, ఆగని దగ్గుకు ఇది కారణం కాగలదు. అందువల్ల వండేటప్పుడు వంటింటి తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వంట అయ్యాక కూడా కాసేపు తిరగనివ్వండి. బట్టలు ఆరేసిన గది తలుపు మూసి కిటికీ కొద్దిగా తెరవండి. బీరువాకు, బయటి గోడకు మధ్య జానెడు ఖాళీ ఉంచండి. పొద్దున్నే కిటికీ అద్దం అడుగున చేరిన నీటిని పొడిగుడ్డతో తుడిచేయండి. హీటర్‌ను రోజంతా ఆపి రాత్రి ఒక్కసారిగా పెంచడం కంటే తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే గోడలు మరీ చల్లబడవు. ఇన్ని చేసినా గోడ తడిగానే ఉంటే లోపం కప్పులోనో గొట్టంలోనో ఉండవచ్చు. ఫొటోలు తీసి యజమానికి రాతపూర్వకంగా తెలపండి.

ఎండుమిర్చి తాలింపు వేస్తే పొగ అలారం మోగడం ఇక్కడ మామూలే. విసుగొచ్చి దాని బ్యాటరీ తీసేసేవారు ఉన్నారు, అది ప్రాణాలతో చెలగాటం. వీధిలోని ఇళ్లన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయన్న సంగతి మరువకూడదు.

శబ్దం కూడా రెండిళ్ల మధ్య ఉన్న గోడగుండా పోతుంది. తెల్లవారుజామున మిక్సీలో చట్నీ రుబ్బితే పక్కింటి పడకగదిలో వినిపిస్తుంది. అర్ధరాత్రి వాషింగ్ మెషిన్ తిరుగుతుంటే వారి మంచం కంపిస్తుంది. రాత్రి 11 నుంచి ఉదయం 7 వరకు ఇలాంటి పనులు పెట్టుకోవద్దు. ఇంట్లో వ్రతమో, పుట్టినరోజో ఉంటే రెండు మూడు రోజుల ముందే ఇరుగుపొరుగు తలుపు తట్టి, ఎన్ని గంటలకు ముగుస్తుందో చెప్పి రండి. వయసులో పెద్దవారినైనా ఇక్కడ పేరుపెట్టి పిలవడమే మర్యాద. మొదట్లో మనకు నోరు రాకపోయినా, ఆంటీ, అంకుల్ అంటే వారికి ఇబ్బందిగా ఉంటుంది.

చెత్తకు మూడు డబ్బాలు ఉంటాయి. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, తోట చెత్త ఆకుపచ్చ దానిలోకి. కాగితం, సీసాలు, టిన్నులు నీలం దానిలోకి. తక్కినవి నల్ల దానిలోకి వెళ్లాలి. ఏ వారం ఏది తీసుకెళ్తారో కౌన్సిల్ (ఇక్కడి స్థానిక పాలక సంస్థ) వెబ్‌సైటులో మీ పోస్ట్‌కోడ్ ఇచ్చి చూసుకోండి. ఖాళీ అయిన డబ్బాను వెంటనే లోపలికి తెచ్చుకోవాలి; ఈ ఇరుకు కాలిబాటలో అది అడ్డుగా ఉంటే చక్రాల కుర్చీలో వచ్చేవారు రోడ్డు మీదికి దిగవలసి వస్తుంది. పూరీలు వేయించిన నూనెను సింకులో పోయవద్దు, గడ్డకట్టి వీధి మురుగు గొట్టమే మూసుకుపోతుంది.

కారు కొనే ఆలోచనను కొంతకాలం వాయిదా వేయడం మంచిదని నా అభిప్రాయం. చాలా వీధుల్లో అనుమతి పత్రం లేనిదే కారు నిలపనివ్వరు. భారతీయ లైసెన్సుతో ఇక్కడ స్థిరపడిన నాటినుంచి 12 నెలలు మాత్రమే నడపవచ్చు. ఈ సమతల ప్రదేశంలో సైకిలే అన్నిటికంటే తేలిక. చీకటి పడ్డాక ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం చట్టప్రకారం ఉండాలి. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. దొంగతనాలు ఎక్కువ కాబట్టి గట్టి ఉక్కు తాళం కొనడానికి వెనకాడవద్దు.

వంటసరుకులకు ఊరు దాటనక్కరలేదు. కందిపప్పు, చింతపండు, పచ్చిమిర్చి మిల్ రోడ్ దుకాణాల్లోనే దొరుకుతాయి. ఇంట్లో దిగిన వారంలోనే దగ్గరలోని జీపీ (మొదట చూపించుకోవలసిన సాధారణ వైద్యుడు) వద్ద పేరు నమోదు చేయించుకోండి, అది ఉచితం. కౌన్సిల్ పన్ను విషయంలో పెద్దవారు ఒక్కరే ఉండే ఇంటికి 25 శాతం తగ్గింపు ఉంది. ఇంట్లో అందరూ పూర్తికాలపు విద్యార్థులైతే ఆ పన్నే ఉండదు, కాకపోతే రెంటికీ మీరే దరఖాస్తు చేసుకోవాలి. డిసెంబరు మొదటి శనివారం మిల్ రోడ్‌ను వాహనాలకు మూసి వింటర్ ఫెయిర్ జరుపుతారు. పొరుగువారితో పరిచయం పెంచుకోవాలంటే ఆ రోజు పిల్లలతో కలిసి వెళ్లండి.