నెదర్లాండ్స్‌లో కొత్తగా ఉంటున్నవారు లైడెన్ నుంచి హార్లెమ్‌కు ఒక్కరోజు సైకిల్ యాత్ర చేయడం ఎలా?

చదువుకో ఉద్యోగానికో నెదర్లాండ్స్ చేరిన తెలుగువారికి మొదటి నెలల్లో ఇల్లు, ఆఫీసు, రైల్వే స్టేషను తప్ప మరో చోటు తెలియదు. బోర్డుల మీది భాష అర్థం కాక, ఎవరినైనా అడగడానికి మొహమాటపడి, సెలవు రోజున కూడా చాలామంది గది దాటరు. అలాంటివారు మొదటి యాత్రగా లైడెన్ నుంచి లిస్సె, హిల్లెఖోమ్ మీదుగా హార్లెమ్ చేరే దారిని ఎంచుకోవచ్చు. సుమారు 35 కిలోమీటర్ల ఈ దారి దాదాపు అంతా చదునే. ఇరువైపులా తులిప్ పొలాలు ఉంటాయి, అలసిపోతే రైలెక్కి వెనక్కి రావచ్చు.

ముందుగా గాలిని చూసుకోండి. కొండలు లేని ఈ దేశంలో ఎదురుగాలే ఎత్తు ఎక్కినంత శ్రమ పెడుతుంది. ఎక్కువ రోజులు నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి లైడెన్‌లో బయలుదేరితే గాలి వీపును తోస్తుంది. ఈశాన్యం నుంచి వీచే రోజున రైల్లో హార్లెమ్ వెళ్లి, అక్కడి నుంచి లైడెన్ వైపు తొక్కండి. సైకిల్‌ను రైల్లో తీసుకెళ్లడానికి దానికి వేరే టికెట్ కొనాలి. పనిదినాల్లో ఉదయం 6.30 నుంచి 9 వరకు, సాయంత్రం 4 నుంచి 6.30 వరకు సాధారణంగా అనుమతించరు. అందువల్ల శనివారమో ఆదివారమో మంచిది. ఏప్రిల్ 27 ప్రాంతంలో వచ్చే రాజుగారి జన్మదిన పండుగ నాడు మాత్రం రైల్లోకి సైకిల్‌ను రానివ్వరు.

తరువాత సైకిల్ సంగతి. ఇక్కడి పాతరకం సైకిళ్లలో చాలావాటికి చేతి బ్రేకు ఉండదు, పెడల్‌ను వెనక్కి తొక్కితేనే బండి ఆగుతుంది. మన అలవాటు ప్రకారం దిగువకు వచ్చేటప్పుడు పెడల్‌ను వెనక్కి తిప్పితే ఒక్కసారిగా ఆగిపోతుంది కాబట్టి, ఇంటి దగ్గరి వీధిలో ముందు రోజే సాధన చేయండి. చీకటి పడితే ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం తప్పనిసరి.

దారి కోసం భాష రానవసరం లేదు. సైకిల్ దారుల కూడళ్లకు అంకెలు వేసే క్నోప్‌పుంట్ పద్ధతి 1995లో బెల్జియంలోని లింబర్గ్‌లో మొదలై నెదర్లాండ్స్ అంతటా విస్తరించింది. ఇంట్లోనే మ్యాపు చూసి మీరు దాటవలసిన కూడళ్ల అంకెలను వరుసగా కాగితం మీద రాసి హ్యాండిల్‌కు అతికించుకుంటే చాలు, ప్రతి కూడలిలోనూ తరువాతి అంకె ఎటువైపో బోర్డు చూపిస్తుంది. ఫోనును చేత్తో పట్టుకుని తొక్కడం 2019 జూలై నుంచి నేరం కనుక ఈ కాగితమే మేలు.

రోడ్డు మీద అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది మనకు పుట్టుకతో వచ్చిన ఎడమవైపు అలవాటు విషయంలోనే. ఇక్కడ కుడివైపున నడపాలి, ముఖ్యంగా మలుపు తిరిగిన వెంటనే ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. దారి మీద తెల్లటి త్రికోణాల మొనలు మీ వైపు చూస్తూ ఉంటే అడ్డంగా వచ్చే వాహనాలకు దారి ఇవ్వాలి. ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవారిదే ముందు హక్కు. మలుపుకు ముందు చెయ్యి చాపండి. ట్రామ్ పట్టాలు దాటవలసి వస్తే అడ్డంగా దాటండి, వాటి వెంట నడిపితే చక్రం ఇరుక్కుంటుంది.

పూలు చూడాలంటే ఏప్రిల్ నడిమి వారాలు అనువైనవి. లోపలి గడ్డకు బలం చేరడానికి రైతులు పూల తలలను కోసివేస్తారు కనుక ఆలస్యం చేస్తే ఖాళీ కాడలే మిగులుతాయి. ఫోటో కోసం పొలంలోకి అడుగుపెట్టకండి. అది ఒక కుటుంబపు జీవనాధారం, పైగా బూట్ల మట్టితో తెగుళ్లు పాకుతాయి. గట్టు మీద నిలబడి చూస్తేనే రంగుల బారులు బాగా కనిపిస్తాయి.

మధ్యాహ్నానికి డబ్బాలో పులిహోర, పెరుగన్నం పెట్టుకుని లిస్సె దగ్గర ఒక బెంచీ మీద తినండి. కుళాయి నీళ్లు నిస్సంకోచంగా తాగవచ్చు. ఆగిన ప్రతిచోటా చక్రానికి వేసే తాళంతో పాటు గొలుసును ఏదైనా స్తంభానికి చుట్టి వేయండి.

తిరుగు రైలు కోసం హార్లెమ్ స్టేషనులో లిఫ్టు వాడండి, సైకిల్ బొమ్మ ఉన్న తలుపు దగ్గర ఎక్కండి. లైడెన్ అక్కడి నుంచి రైల్లో ఇరవై నిమిషాల దూరం.