గేమ్ మధ్యలో పీసీ టక్కున ఆరిపోతోందా? ర్యామ్ పీకే ముందు యూపీఎస్ చూడండి

లక్షణం

కొత్తగా అసెంబుల్ చేసిన పీసీ. బ్రౌజింగ్, ఆఫీసు పని, సినిమాలు అన్నీ బాగానే నడుస్తాయి. గేమ్ పెట్టిన పది నిమిషాలకో, వీడియో రెండర్ సగంలోనో టక్కున ఆరిపోతుంది. బ్లూ స్క్రీన్ రాదు, ఎర్రర్ రాదు. "కరెంటు పోలేదన్నా, అయినా ఆగిపోతాంది" అంటూ క్యాబినెట్ చంకనెత్తుకుని షాపుకు వస్తారు. అప్పటికే విండోస్ మళ్లీ వేసి ఉంటారు, ర్యామ్ పీకి రబ్బరుతో రుద్ది ఉంటారు. షాపు టేబుల్ మీద పెడితే సాయంత్రం దాకా బ్రహ్మాండంగా నడుస్తుంది. నడవక ఏం చేస్తుంది? యూపీఎస్ ఇంట్లోనే ఉండిపోయింది కదా.

అందరూ దాటేసే పని

ఆరిన క్షణంలో మానిటర్ అంచున ఉండే చిన్న లైటు చూడండి. మానిటర్, పీసీ రెండూ ఒకే యూపీఎస్‌లో ఉండి ఆ లైటు కూడా ఆరిపోయిందంటే తప్పు పీసీలో లేదు, దానికి వచ్చే కరెంటులో ఉంది. లైటు వెలుగుతూనే 'నో సిగ్నల్' అని వస్తే అనుమానం ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై డబ్బా) మీదికి పోతుంది. అలాగని యూపీఎస్‌ను అప్పుడే వదిలేయొద్దు. మానిటర్ లాగేది 25 వాట్లే, చిన్న కుదుపును తట్టుకుంటుంది. 300 వాట్లు లాగుతున్న పీసీ తట్టుకోదు. ఇక ఫ్యాన్లు తిరుగుతూ తెర మాత్రమే నల్లబడితే అది గ్రాఫిక్స్ డ్రైవరో కార్డో, ఈ గొడవ కాదు.

తర్వాత యూపీఎస్‌ను పక్కన పెట్టి, ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా లేకుండా, పీసీని నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి అదే గేమ్ ఆడండి. రెండు మూడు సాయంత్రాలు ఆగకుండా నడిస్తే దొంగ దొరికినట్టే. పైసా ఖర్చు లేదు. అయినా నూటికి తొంభై మంది ఈ పని చేయకుండా గ్రాఫిక్స్ కార్డు వారంటీకి పంపిస్తారు.

విండోస్ తన తప్పులు రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్-పవర్ 41' కనబడగానే దాని వెంటబడి రాత్రంతా వీడియోలు చూడొద్దు. విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదన్న ఒక్క ముక్క తప్ప అది ఇంకేమీ చెప్పదు. వివరాల్లో బగ్‌చెక్‌కోడ్ 0 అని ఉంటే మాత్రం కాస్త పనికొస్తుంది: బ్లూ స్క్రీన్ పడేంత వ్యవధి కూడా లేకుండా కరెంటు తెగి ఉండొచ్చని.

కరెంటు ఉండగానే యూపీఎస్ ఎందుకు చేతులెత్తేస్తుంది

డబ్బా మీద 600 వీఏ అని ఉంటే 600 వాట్లనుకుంటారు. కాదు. ఈ సైజువి మహా అయితే 360 వాట్లు ఇస్తాయి, అదీ బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు. ఇప్పుడు మధ్యరకం గేమింగ్ పీసీ లెక్క వేయండి. ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకు 170 వాట్లు, ఐ5-12400ఎఫ్‌కు గేమ్‌లో ఓ 70, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి 40. మొత్తం 280. ఎస్‌ఎంపీఎస్ ఎఫిషియెన్సీ (లాగినదాంట్లో పార్టులకు చేరే వంతు) 85 శాతం అనుకుంటే గోడ నుంచి లాగేది 330. మానిటర్‌తో కలిపి 355. ఇంక మిగిలిందెంత?

కరెంటు సరిగ్గా ఉన్నంతసేపు యూపీఎస్ దాన్నే పీసీకి అందిస్తుంది కాబట్టి ఏమీ తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం తిరుపతి వీధుల్లో ఏసీలన్నీ ఒకేసారి ఆన్ అయినప్పుడో, చిత్తూరు పక్క పల్లెల్లో బోరు మోటారు స్టార్టయినప్పుడో వోల్టేజీ 230 నుంచి 170కి, ఒక్కోసారి ఇంకా కిందికి జారుతుంది. యూపీఎస్‌లో వోల్టేజీ సర్దే స్విచ్ (రిలే) టక్ టక్‌మని కొట్టుకునేది అప్పుడే. ఇంకా జారితే కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీదికి మారుతుంది. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బుకు ఈ సంగతే తెలియదు, చాలా బల్బులు 100 వోల్టులకూ వెలుగుతాయి. సీలింగ్ ఫ్యాన్ కొంచెం నెమ్మదిస్తుంది, హెడ్‌సెట్ పెట్టుకున్నవాడికి అది ఎక్కడ కనబడుతుంది? ఆ ఒకటి రెండు సెకన్లలో 355 వాట్ల లోడు మూడేళ్ల నాటి 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ మీద పడుతుంది. అది మోయలేక కూలబడుతుంది, పీసీ ఆరిపోతుంది.

బ్రౌజింగ్‌లో పీసీ లాగేది 80-100 వాట్లు కాబట్టి అదే కుదుపును అదే బ్యాటరీ మోసేస్తుంది. అందుకే గేమ్‌లోనే ఆగుతుంది, అందుకే తప్పంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. మన ఎండలు కూడా తోడవుతాయి. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ ఈ రకం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. కిటికీ కింద ఎండపొడలో పెట్టిన యూపీఎస్ రెండు వేసవులు దాటిందంటే గొప్పే.

ఇంకో మెలిక ఉంది. చవక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చేది నున్నటి సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరును సరిచేసే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని ఆ మెట్ల దగ్గర ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి, యూపీఎస్ ఓవర్‌లోడ్ అని ఆపేస్తుంది. "మంచి ఎస్‌ఎంపీఎస్ వేశాకే ఇది మొదలైంది" అనేవాళ్లను తీసిపారేయొద్దు, వాళ్లు చెప్పేది నిజమే.

పరీక్ష ఇలా: ఫైళ్లన్నీ సేవ్ చేసి మూసేయండి. ఏ ప్రోగ్రామూ నడవనప్పుడు యూపీఎస్ స్విచ్ గోడ దగ్గర ఆపండి, ఐదు నిమిషాలన్నా నిలబడాలి. కాసేపు చార్జ్ కానిచ్చి, ఫర్‌మార్క్ (గ్రాఫిక్స్ కార్డు మీద పూర్తి లోడు వేసే ప్రోగ్రామ్) నడుపుతూ మళ్లీ ఆపండి. మొదటిసారే పడిపోతే బ్యాటరీ అయిపోయింది. రెండోసారి మాత్రమే పడితే బ్యాటరీ నీరసించింది, లేదా యూపీఎస్ చాలడం లేదు, లేదా ఆ మెట్ల గొడవ.

పరిష్కారం డబ్బు ఖర్చు కానిదాంతో మొదలుపెట్టండి. గేమ్‌లో సెకనుకు ఫ్రేములు 60కి కట్టేసి, కార్డు సెట్టింగులు మార్చే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి దించండి. 170 వాట్ల కార్డు 136కి వస్తుంది, ఆటలో తేడా పెద్దగా కనిపించదు. ఆగడం తగ్గితే జబ్బు ఏదో తేలినట్టే. తర్వాత బ్యాటరీ మార్చండి. అదీ చాలకపోతే 1000 లేదా 1100 వీఏ యూపీఎస్ తీసుకోండి, వాట్లు ఎన్నో డబ్బా మీద చదివి మరీ. 600 వాట్ల దగ్గర ఉండాలి. డీటీపీ షాపుల వాళ్లకు ఒక మాట: లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌లో పెట్టొద్దు. దాని హీటర్ వేడెక్కిన ప్రతిసారీ వందల వాట్లు లాగుతుంది.

ఇంటి ఇన్వర్టర్ మీద పీసీ నడిపేవాళ్లు దాని మీద 'యూపీఎస్', 'ఎకో' అనే స్విచ్ ఉందేమో చూడండి (కొన్నింటిలో ఎకో బదులు 'నార్మల్' అని ఉంటుంది). ఎకోలో ఉంటే కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే సమయం ఎక్కువ, ఆలోపే పీసీ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ వైపు తిప్పితే చాలా ఇళ్లలో కథ అక్కడితో అయిపోతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే పీసీకి వద్దు. మల్టీమీటర్‌తో చూస్తే రోజూ సాయంత్రం 180 దాటడం లేదంటే పీసీలో ఏం మార్చినా దండగ, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి లో వోల్టేజీ అని కంప్లయింట్ ఇవ్వండి.

యూపీఎస్ లేకపోయినా ఆరిపోతుంటే

అప్పుడు ఎస్‌ఎంపీఎస్. వాట్లు చూడొద్దు, స్టిక్కర్ మీద 12 వోల్టుల గడి చూడండి. '450 వాట్స్' అని పెద్దగా రాసి ఆ గడిలో 18 ఆంపియర్లు ఉంటే, 12 x 18, అసలు సరుకు 216 వాట్లే. నిజమైన 450లో అది 36 దగ్గర ఉంటుంది. ఇన్‌పుట్ దగ్గర 100-240 అని ఉంటే మన లో వోల్టేజీకి మేలు. 200-240 అని మాత్రమే ఉన్నవి వేసవిలో ఏడిపిస్తాయి. ఆరిపోయాక పవర్ బటన్ నొక్కినా లేవకుండా, వెనక స్విచ్ ఆపి వేశాకే లేస్తోందంటే ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోందని అర్థం. సాటా వైరు (హార్డ్ డిస్కుకు పవర్ ఇచ్చేది) నుంచి గ్రాఫిక్స్ కార్డు 8 పిన్‌కు కన్వర్టర్ పెట్టి ఉంటే ఇప్పుడే తీసేయండి. సాటా పవర్ కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లు, కార్డు 8 పిన్ నుంచి లాగగలిగేది 150.

మిగతావి అరుదు. వేడికి ఆగేదైతే ప్రాసెసర్ కూలర్‌ను బోర్డుకు పట్టి ఉంచే పుష్ పిన్ ఒకటి ఊడి ఉంటుంది, టెంపరేచర్ 100 చూపిస్తుంది, చూడగానే తెలిసిపోతుంది. ర్యామ్ తప్పైతే దాదాపుగా బ్లూ స్క్రీన్ వస్తుంది. రీసెట్ బటన్ ఇరుక్కోవడం లాంటివి చివర్లో చూసుకోవచ్చు. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందంటే ఎర్తింగ్ లేదు. ఆగిపోవడానికి అదే కారణం కాకపోవచ్చు గానీ ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. ఎండిన ఎర్త్ గుంతలో నీళ్లు పోయించడం కూడా ఆయన పనే.

కొనేటప్పుడే లెక్క వేసుకుంటే

బడ్జెట్ ఏదైనా జరిగేది ఒకటే: డబ్బంతా ప్రాసెసర్‌కూ కార్డుకూ పెట్టి, మిగిలిన చిల్లరతో ఎస్‌ఎంపీఎస్, పాత యూపీఎస్. తక్కువ బడ్జెట్‌లో రైజెన్ 5 5600జీ లాంటిది వేసుకుని గ్రాఫిక్స్ కార్డు మానేస్తే 80 ప్లస్ (ఎఫిషియెన్సీ సర్టిఫికెట్) ఉన్న 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 600 వీఏ యూపీఎస్ హాయిగా సరిపోతాయి. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 స్థాయి కార్డుకు 550 వాట్లు, 1000 వీఏ. కార్డు ఒక మెట్టు తగ్గించుకునైనా ఈ రెండూ కొనండి. లక్ష దాటి ఆర్‌టీఎక్స్ 4070 దాకా వెళ్లేవాళ్లు 650 వాట్లతో పాటు ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్‌కు డబ్బు ముందే తీసి పక్కన పెట్టాలి, ఆఖర్లో చూద్దామంటే మిగలదు. మిగతా పార్టులకు చెన్నై రిచీ స్ట్రీట్‌కో బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకో వెళ్లండి, బేరం దొరుకుతుంది. యూపీఎస్, ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఊళ్లోనే తీసుకోండి. ముందుగా వారంటీకి వచ్చేవి అవే.