స్ప్రే కొట్టే ముందు ఇవి చూసుకోండి

వానాకాలంలో మా అమలాపురం వైపు గాలంతా చెమ్మే. ప్లాస్టిక్ మోడల్‌కి రంగు వేసేవాళ్లకి అసలు టెన్షన్ అదే.

– ముసురు పట్టిన రోజు లాకర్ (lacquer, థిన్నర్‌తో చేసిన, త్వరగా ఆరే రంగు) స్ప్రే ముట్టుకోవద్దు. థిన్నర్ చటుక్కున ఆవిరవుతూ రంగు పొరను చల్లబరుస్తుంది. గాలిలోని తేమ దాని మీద చేరి, నల్లటి రెక్క మీద విభూది రాసినట్టు తెల్లగా పొర కడుతుంది. నా 1/72 (అసలు దానిలో 72వ వంతు సైజు) విమానం మోడల్ ఒకటి అలాగే పాడైంది, ఇప్పటికీ బాధే. ఎండ కాసే రోజు దాకా ఆగండి.

– మోడల్ ముక్కల్ని, అవి అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి కోయకముందే సబ్బునీళ్లతో కడగండి. అచ్చు పోసేటప్పుడు అంటిన నూనె పోకపోతే రంగు పట్టదు. రాత్రంతా నీడలో ఆరనివ్వండి. మండుటెండలో సన్న ముక్కలు వంగిపోతాయి.

– కిటికీలు తెరవండి, ఆవిర్లను ఆపే మాస్కు పెట్టుకోండి. దగ్గర్లో దీపం, పొయ్యి ఉండకూడదు.

– ముందు పనికిరాని ముక్క మీద కొట్టి చూడండి.