కనురెప్ప ఆపరేషన్ అయ్యాక నొప్పి మాత్రలు ఎలా వాడాలి

రెప్ప ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చాక చాలామంది మందుల కవర్లో అన్నిటికంటే గట్టి మాత్ర ఏదో వెతికి ముందు దాన్నే వేసేసుకుంటారు. అంత అవసరం పడదు. రెప్పల సర్జరీ తర్వాత ఎక్కువమందికి ఒకట్రెండు రోజులు మంటగా, బిగుతుగా, రెప్ప బరువెక్కినట్టు ఉంటుంది. పారాసెటమాల్, చల్లటి కాపడంతోనే అది సర్దుకుంటుంది.

నొప్పి ముదిరేదాకా ఆగకుండా, మత్తు ఇంజెక్షన్ పూర్తిగా దిగకముందే మొదటి పారాసెటమాల్ వేసుకుని, తర్వాత డాక్టర్ రాసిన టైం ప్రకారం వాడండి. పెద్దవాళ్లకు కూడా 24 గంటల్లో అన్నీ కలిపి 4 గ్రాములు దాటకూడదు. లివర్ సమస్య ఉన్నా, రోజూ తాగే అలవాటున్నా, మరీ బక్కగా ఉన్నా అంతకంటే తక్కువే. కాపడానికి ఐస్‌ని పలుచటి శుభ్రమైన గుడ్డలో చుట్టి, నొక్కకుండా ఊరికే ఆనించి 10 నిమిషాలు ఉంచండి, మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి. తల ఎత్తులో పెట్టుకుని పడుకుంటే వాపు తగ్గుతుంది. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ మాత్రం సర్జన్‌ని అడక్కుండా వద్దు, రక్తస్రావం భయం ఉంటుంది.

కంటి గూడులో ఎముక సరిచేసినా, కన్నే తీసేసినా నొప్పి నిజంగానే ఎక్కువ. అప్పుడు ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ (మార్ఫిన్ తరహా గట్టి నొప్పి మందు) రాస్తే భయపడక్కర్లేదు, కానీ మిగతావన్నీ వాడాక కూడా నిద్ర పట్టనంత నొప్పి ఉంటేనే వేసుకోండి, రాసినదానికంటే ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి: చాలా ట్రమడాల్ మాత్రల్లో 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కూడా కలిసే ఉంటుంది, దాన్నీ లెక్కలో వేయాలి. ఈ మందులతో మలబద్ధకం, వాంతులు మామూలే, అయితే ముక్కినా కక్కినా కంటి చుట్టూ ఒత్తిడి పెరిగి రక్తం కారొచ్చు, అందుకే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ముందే అడిగి రాయించుకోండి. మద్యం, నిద్రమాత్రలు, టెన్షన్‌కి వేసుకునే ఆల్ప్రజోలమ్ ఈ ఓపియాయిడ్‌తో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. ఫిట్స్ ఉన్నా, డిప్రెషన్ మాత్రలు వాడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నా డాక్టర్‌కి ముందే చెప్పాలి. బండి నడపొద్దు. లేపినా లేవకపోతే, పెదాలు నీలంగా మారితే వెంటనే అంబులెన్స్.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. మాత్ర వేసుకున్నా నొప్పి గంటగంటకీ పెరుగుతుంటే, కన్ను రాయిలా గట్టిపడి ముందుకు ఉబుకుతుంటే, చూపు మసకబారితే ఇంకో మాత్ర వేసుకుని పడుకోకండి. కంటి వెనక రక్తం చేరితే చూపు నరం నలిగిపోతుంది, గంటన్నర రెండు గంటల్లోనే చూపు తిరిగి రాకుండా పోవచ్చు. అర్ధరాత్రయినా హాస్పిటల్‌కి పరుగెత్తాల్సిందే. కట్టు లేకపోతే బాగున్న కన్ను మూసుకుని ఎదురుగా ఎవరైనా చూపించిన వేళ్లు లెక్కపెట్టగలుగుతున్నారో లేదో అప్పుడప్పుడూ చూసుకోండి. కట్టు ఉంటే చూపు తెలీదు కాబట్టి, పెరిగే నొప్పినే గుర్తుగా పట్టుకోవాలి.

మిగిలిన ఓపియాయిడ్ మాత్రల్ని ఎవరి నడుంనొప్పికో దాచకండి, మందుల షాపు వెనక్కి తీసుకుంటుందేమో అడిగి ఇచ్చేయండి.